వరికి అజొల్లా మంచిదా, జీలుగ మంచిదా? నల్లగొండ, మహబూబ్‌నగర్ రైతులకు సూచనలు

వానాకాలం ముందు రైతు వేదికలో కూర్చుంటే ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: "సార్, జీలుగ విత్తనం కోసం తిరగడం ఎందుకు, అజొల్లా వేస్తే సరిపోదా?" అజొల్లా ఉచితంగా దొరుకుతుంది, వారంలో రెట్టింపు అవుతుంది, నత్రజని ఇస్తుంది అని విన్న రైతుకు ఈ ఆలోచన రావడం సహజం. అయితే ఈ రెండూ ఒకే పని చేసే మొక్కలు కావు. ఒకటి నీటి మీద బతుకుతుంది, ఇంకొకటి నేలలో వేరు పట్టి పెరుగుతుంది. మీ పొలంలో ఏ నెలలో నీరు ఉంటుంది, ఏ నెలలో నేల ఖాళీగా ఉంటుంది అనేదాన్ని బట్టి వీటిలో ఏది వేయాలో తేలుతుంది. ఆ లెక్క చూసుకోకుండా వేస్తే విత్తనం ఖర్చో, నాటు అదనో, లేదా రెండూనో నష్టపోతారు.

ఈ వ్యాసంలో రెండింటినీ పోల్చి, మన ఎర్ర చెల్కలకు, బోరు కింది మడులకు, కాలువ ఆయకట్టుకు ఏది సరిపోతుందో వివరిస్తున్నాను.

అజొల్లా అంటే ఏమిటి?

అజొల్లా నీటిపై తేలే చిన్న ఫెర్న్ మొక్క. దీనికి పూత, కాత, విత్తనం ఉండవు. ముక్కలుగా విడిపోయి, ప్రతి ముక్క మళ్లీ మొక్కగా పెరుగుతుంది. దీని ఆకుల లోపలి చిన్న గదుల్లో అనబీనా అనే నీలి ఆకుపచ్చ నాచు నివసిస్తుంది. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇచ్చేది ఈ నాచే. వియత్నాం, చైనా రైతులు దీన్ని వరి మడుల్లో చాలా కాలంగా వాడుతున్నారు. మన దేశంలో కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థ 1970ల నుంచి దీనిపై పని చేసింది.

అజొల్లా పచ్చి బరువులో 90 శాతానికి పైగా నీరే ఉంటుంది. వంద కిలోల పచ్చి అజొల్లాలో నత్రజని పావు కిలోకు మించదు. అంటే గంపల కొద్దీ కనిపించినా అందులో ఎరువు తక్కువే. ఎకరం మడి పూర్తిగా కప్పుకుంటే సుమారు 4 టన్నుల పచ్చి అజొల్లా వస్తుంది. దాన్ని మట్టిలో కలిపితే 8 నుంచి 10 కిలోల నత్రజని చేరుతుంది.

చెరువుల్లో తేలే గుండ్రటి, పలుచని చిన్న ఆకుల మొక్కను కొందరు అజొల్లా అనుకొని తెస్తుంటారు. అజొల్లా ఆకులు పొలుసుల్లా ఒకదానిపై ఒకటి ఉంటాయి, కింద సన్నని వేర్లు వేలాడతాయి. అలాగే మడి గట్ల పక్కన నీళ్లలో నాలుగు రెక్కల ఆకుతో పెరిగేది కూడా ఫెర్న్ జాతిదే కానీ, అది కలుపు. ఆకు చూసి పప్పుజాతి మొక్క అనుకొని ఉంచవద్దు.

జీలుగ అంటే ఏమిటి?

జీలుగ పసుపు పూలు పూసే పప్పుజాతి మొక్క. దీని వేర్లపై బుడిపెలు ఉంటాయి. వాటిలోని రైజోబియం బాక్టీరియా గాలి నత్రజనిని మొక్కకు అందిస్తుంది. బుడిపెలు పని చేస్తున్నాయో లేదో మీరే చూసుకోవచ్చు. విత్తిన 30 రోజులకు ఒక మొక్కను తడి నేలలో మెల్లగా పెకలించి, బుడిపెను గోటితో చీల్చండి. లోపల గులాబీ లేదా ఎరుపు రంగు ఉంటే పని చేస్తున్నట్లు. తెల్లగా, పచ్చగా ఉంటే నత్రజని సరిగా పట్టడం లేదని అర్థం.

విత్తిన 45 రోజులకు, పూత మొదలయ్యే సమయంలో బాగా పెరిగిన జీలుగ ఎకరాకు 8 నుంచి 10 టన్నుల పచ్చిరొట్ట ఇస్తుంది. అందులో 25 నుంచి 30 కిలోల నత్రజని ఉంటుంది. పైగా వేరు లోతుకు దిగి నేలను గుల్ల చేస్తుంది. చౌడును, నీటి ముంపును కొంత వరకు తట్టుకుంటుంది. చౌడు మడులు ఉన్న రైతుకు జీలుగను మొదటి ఎంపికగా చెప్పడానికి కారణం ఇదే.

రెండింటి మధ్య ముఖ్యమైన తేడాలు

- నీరు: అజొల్లాకు ఎప్పుడూ 5 నుంచి 10 సెంటీమీటర్ల నిలువ నీరు కావాలి. జీలుగకు మొలకెత్తడానికి ఒక మంచి వాన, తర్వాత అప్పుడప్పుడు తడి చాలు.
- సమయం: అజొల్లా వరితో పాటే పెరుగుతుంది, పొలం ఖాళీగా ఉంచనవసరం లేదు. జీలుగకు నాటుకు ముందు 45 రోజులు, కుళ్లడానికి మరో వారం నుంచి 10 రోజులు కావాలి.
- ఎండ: అజొల్లాకు 20 నుంచి 30 డిగ్రీల వేడి అనుకూలం. 35 డిగ్రీలు దాటితే ఎర్రబారి పెరుగుదల ఆగుతుంది. జీలుగ మన ఎండలకు తట్టుకుంటుంది.
- నత్రజని: ఒకసారి కలిపితే అజొల్లా 8–10 కిలోలు, జీలుగ 25–30 కిలోలు.
- నేలకు మేలు: జీలుగ ఎక్కువ సేంద్రియ పదార్థం ఇస్తుంది. అజొల్లా త్వరగా కుళ్లిపోతుంది కాబట్టి నేలలో మిగిలేది తక్కువ.
- కలుపు: అజొల్లా నీటిని చాపలా కప్పి కలుపు మొలవకుండా ఆపుతుంది. నీటిలో వేసిన యూరియా ఆవిరై పోవడాన్నీ తగ్గిస్తుంది.
- విత్తనం: జీలుగకు ఏటా కొనాలి. అజొల్లాను కొనకపోయినా, ఏడాది పొడవునా బతికించుకోవాలి. మన దగ్గర కష్టం ఇక్కడే ఉంది.

మన జిల్లాల్లో ఇది ఎందుకు ముఖ్యం?

పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎక్కువ భాగం ఎర్ర చెల్క, దుబ్బ నేలలే. వీటిలో సేంద్రియ కర్బనం తక్కువ. వేసిన యూరియా నీటితో పాటు కిందికి దిగిపోతుంది. అందుకే ఎన్ని బస్తాలు చల్లినా పైరు పది రోజులకే మళ్లీ పాలిపోతుంది. పశువులు తగ్గాక పెంట ఎరువు దొరకడం లేదు. నేలకు రొట్ట చేర్చకుండా బస్తాలు పెంచుకుంటూ పోతే ఖర్చు పెరుగుతుంది, దోమ, తెగుళ్లు పెరుగుతాయి, దిగుబడి మాత్రం పెరగదు.

నీటి విషయంలో మాత్రం అందరి పరిస్థితి ఒకటి కాదు. మిర్యాలగూడ, హాలియా వైపు నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద మడిలో నీరు నిలుస్తుంది. గద్వాల, వనపర్తి వైపు జూరాల ఆయకట్టులోనూ అంతే. అదే దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి చెల్కల్లో ఒకటి రెండు ఎకరాలు బోరు మీద పారేవే ఎక్కువ. అందరికీ ఒకే సలహా చెల్లదు.

మీది ఏ పొలం?

*కాలువ ఆయకట్టు, వానాకాలం:* జీలుగే వేయండి. కాలువ నీరు తరచుగా జులై చివరలోనో ఆగస్టులోనో వస్తుంది. జూన్ మొదటి వానలకు విత్తితే నీరు వచ్చే సమయానికి జీలుగ కలియదున్నడానికి సిద్ధంగా ఉంటుంది. ఖాళీగా ఉండే నేల, ఉచితంగా పడే వాన, రెండూ పనికి వస్తాయి.

*కాలువ ఆయకట్టు, యాసంగి:* ఇక్కడ అజొల్లా ఉపయోగపడుతుంది. వానాకాలం కోత అయ్యాక యాసంగి నాటుకు మధ్య 45 రోజుల ఖాళీ దొరకదు. జనవరి, ఫిబ్రవరి చల్లదనం అజొల్లాకు అనుకూలం. మార్చి ఎండలు ముదిరే లోపు దాన్ని మట్టిలో కలిపేయాలి.

*బోరు కింద వరి:* జీలుగ వేయండి. బోరు నీరు నాటుకే సరిపోని చోట అజొల్లా కోసం నీరు నిలపడం దండుగ. తడి, ఆరుతడి పద్ధతిలో సాగు చేసే వారికి అజొల్లా అసలు పనికిరాదు. మడి ఆరిన రెండు మూడు రోజుల్లో అది బురదకు అంటుకొని ఎండిపోతుంది.

*వర్షాధార చెల్క (పత్తి, కంది, ఆముదం):* ఇక్కడ అజొల్లా ప్రశ్నే లేదు. జీలుగ బదులు జనుము మంచిది. జనుము ఎర్ర నేలల్లో బాగా వస్తుంది కానీ నీరు నిలిస్తే చస్తుంది. తేమ లేని నేలలో రొట్ట కలిపితే కుళ్లదు, పైగా వేసిన పంటకు ఉన్న తేమ కూడా పోతుంది. కాబట్టి వాన లెక్క చూసుకొని వేయండి. గట్ల మీద గ్లైరిసీడియా (గిరిపుష్పం) కొమ్మలు నాటుకుంటే, ఏటా కొమ్మలు కొట్టి ఆకును పొలంలో వేసుకోవచ్చు. అదీ పూలు పూసే పప్పుజాతి చెట్టే, ఒకసారి నాటితే ఏళ్ల తరబడి ఉంటుంది.

*కౌలు రైతులు:* నేల బాగుపడితే లాభం భూమి యజమానికే కదా అని వెనుకాడవద్దు. జీలుగలోని నత్రజనిలో సుమారు సగం అదే సీజను వరికి అందుతుంది. మీరు పెట్టిన విత్తనం ఖర్చులో చాలా వరకు మీ పంటలోనే తిరిగి వస్తుంది.

జీలుగ వేసే పద్ధతి

1. పట్టాదారు పాస్ పుస్తకంతో సబ్సిడీ విత్తనానికి మే నెలలోనే మీ క్లస్టర్ ఏఈఓను అడగండి. వాన పడ్డాక వెతికితే అదను దాటుతుంది.
2. ఎకరాకు 12 కిలోల విత్తనం చాలు. చౌడు నేలల్లో 15 కిలోలు వేయండి. గట్టి గింజ కాబట్టి ఒక రాత్రి నానబెట్టి, నీడన ఆరబెట్టి చల్లండి.
3. వరికి వేయాల్సిన సింగిల్ సూపర్ ఫాస్ఫేట్‌లో ఒక బస్తా (50 కిలోలు) జీలుగకే వేయండి. వేరు బుడిపెలు బాగా వస్తాయి. ఆ భాస్వరం రొట్టతో పాటు తిరిగి నేలలోకే చేరుతుంది.
4. జీలుగ విత్తిన 25వ రోజున వరి నారు పోయండి. జీలుగ కలియదున్ని వారం ఆగేసరికి నారు 25–30 రోజుల వయసులో ఉంటుంది. ఈ ఒక్క లెక్క తప్పితే నారు ముదురుతుంది.
5. 45 రోజులకు, పూత మొదలవగానే, మడిలో నీరు పెట్టి రోటవేటర్‌తోనో కేజ్ వీల్‌తోనో కలియదున్నండి. రెండు నెలలు దాటితే కాండం పుల్లలా గట్టిపడుతుంది. అది కుళ్లదు, నాటేవారి కాళ్లకు గుచ్చుకుంటుంది, పైగా కుళ్లడానికి నేలలోని నత్రజనినే తినేస్తుంది.
6. దున్నాక 7 నుంచి 10 రోజులు నీరు నిలిపి కుళ్లనివ్వండి. వెంటనే నాటితే వేర్ల దగ్గర వేడి, విషవాయువులు పుట్టి నారు పసుపుబారుతుంది.

వాన ఆలస్యమై జులైలో విత్తాల్సి వస్తే ఏం చేయాలి? సాంబమసూరి (బీపీటీ 5204) వంటి 150 రోజుల రకం వేసే ఆలోచన ఉంటే జీలుగ కోసం ఆగకండి. నాటు వెనకబడితే జరిగే నష్టం రొట్టతో పూడదు. తెలంగాణ సోనా (ఆర్‌ఎన్‌ఆర్ 15048) వంటి 125 రోజుల రకం వేసేవారైతే 30–35 రోజుల జీలుగనైనా కలియదున్నుకోవచ్చు. రొట్ట తక్కువ వస్తుంది, కానీ లేత రొట్ట త్వరగా కుళ్లుతుంది.

అజొల్లా వేసే పద్ధతి

ఎకరం మడిలో వదలడానికి 200 నుంచి 250 కిలోల పచ్చి అజొల్లా కావాలి. చాలా మంది రైతులు ఇక్కడే విఫలమవుతారు. చేతిలో రెండు కిలోలు తెచ్చి ఎకరంలో చల్లితే, అది పరుచుకునే లోపే వరి ఎదిగి నీడ పడుతుంది. కాబట్టి ముందు రెండు గుంటల మడిలో పెంచాలి.

1. రెండు గుంటల మడిని దమ్ము చేసి, చదును చేసి, 10 సెంటీమీటర్ల నీరు నిలపండి. గుంటకు పావు కిలో సూపర్ ఫాస్ఫేట్‌ను మూడు దఫాలుగా, నాలుగు రోజులకోసారి వేయండి. భాస్వరం లేకపోతే అజొల్లా ఎర్రబారి చిన్నదైపోతుంది.
2. మన పరిస్థితుల్లో వారానికి ఒకసారి రెట్టింపు అవుతుందని లెక్క వేసుకోండి. రెండు కిలోలతో మొదలుపెడితే 200 కిలోలకు చేరడానికి ఆరేడు వారాలు పడుతుంది. జనవరి నాటుకు నవంబరు మధ్యలోనే మొదలుపెట్టాలి. పక్క రైతు దగ్గర 50 కిలోలు దొరికితే రెండు మూడు వారాలు చాలు.
3. నాటిన 7–10 రోజులకు, నారు కుదురుకున్నాక మడిలో వదలండి. కలుపు మందు చల్లిన మడిలో వెంటనే వేయవద్దు, చస్తుంది.
4. మూడు నాలుగు వారాల్లో మడి కప్పుకుంటుంది. అప్పుడు నీరు తీసేసి, కోనోవీడర్‌తో లేదా కాళ్లతో తొక్కి మట్టిలో కలపండి. పైన తేలుతున్నంత కాలం అందులోని నత్రజని వరికి చాలా తక్కువే అందుతుంది. మట్టిలో కలిపితేనే ఎరువు అవుతుంది.
5. ఊరి చెరువులో, బావిలో వదలవద్దు. నీటిపై చాపలా పరుచుకొని చేపలకు గాలి, వెలుతురు అందకుండా చేస్తుంది.

యూరియా ఎంత తగ్గించవచ్చు?

"జీలుగ వేశాం, ఇక యూరియా అక్కరలేదు" అనుకోవడం పొరపాటు. "జీలుగ వేశాం" అని చెప్పి యూరియా ఎప్పటిలాగే చల్లడం ఇంకా పెద్ద పొరపాటు. అప్పుడు రొట్ట ఖర్చు వృథా, పైరు పడిపోతుంది, దోమ పోటు పెరుగుతుంది.

45 కిలోల యూరియా బస్తాలో సుమారు 20.7 కిలోల నత్రజని ఉంటుంది. జీలుగ రొట్టలోని 25–30 కిలోల నత్రజనిలో సగం మొదటి పంటకు అందుతుందనుకుంటే, ఎకరాకు 25 నుంచి 30 కిలోల యూరియా తగ్గించవచ్చు. ఇది దుక్కిలో, మొదటి దఫాలో తగ్గించండి. అజొల్లాను ఒకసారి కలిపితే 10 కిలోల యూరియా తగ్గించవచ్చు. దాన్ని అంకురం దశలో వేసే దఫాలో తగ్గించండి. ఆకు రంగు పట్టీతో చూసుకుంటూ, పైరు పాలిపోతేనే మిగతాది వేయండి.

రొట్ట సరిగా రాకపోతే, అంటే మోకాలి ఎత్తు దాటని, పలుచని జీలుగను కలిపితే, ఈ లెక్క సగానికి తగ్గించుకోండి. మొదటి ఏడాది మొత్తం పొలంలో కాకుండా అర ఎకరంలో యూరియా తగ్గించి చూడండి. మీ కళ్లతో చూసిన ఫలితం మా మాటల కంటే ఎక్కువ నమ్మకం ఇస్తుంది.

ఒక జాగ్రత్త: పచ్చిరొట్ట జింక్ లోపాన్ని తీర్చదు. నాటిన మూడు నాలుగు వారాలకు ముదురాకులపై తుప్పు మచ్చలు కనిపించే మడుల్లో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ దమ్ములో వేయాల్సిందే. సూపర్ ఫాస్ఫేట్‌తో కలిపి మాత్రం వేయకూడదు. రెంటికీ రెండు మూడు రోజుల ఎడం ఉండాలి.

పశువులున్న ఇంటికి అజొల్లా తొట్టి

వరి మడిలో అజొల్లాకు పరిమితులున్నా, పెరటిలో దాని విలువ వేరు. ఎండబెట్టిన అజొల్లాలో 20 శాతానికి పైగా మాంసకృత్తులు ఉంటాయి. చెట్టు నీడన 2 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పుతో తొట్టి చేసి ప్లాస్టిక్ షీటు పరచండి. 10–15 కిలోల జల్లించిన మట్టి వేయండి. 10 లీటర్ల నీటిలో 2 కిలోల పేడ, 30 గ్రాముల సూపర్ ఫాస్ఫేట్ కలిపి పోయండి. 10 సెంటీమీటర్ల నీరు నిలిపి, అర కిలో నుంచి కిలో అజొల్లా వదలండి. రెండు వారాల తర్వాత రోజుకు అర కిలోకు కొంచెం పైగా తీసుకోవచ్చు. ఐదు రోజులకోసారి కిలో పేడ, 20 గ్రాముల సూపర్ ఫాస్ఫేట్ వేస్తుండాలి. పది రోజులకోసారి పావు వంతు నీరు మార్చాలి.

పాడి పశువుకు రోజుకు కిలోన్నర నుంచి రెండు కిలోలు ఇవ్వాలంటే మూడు తొట్లు కావాలి. ఒక్క తొట్టితో గేదె దాణా తగ్గించేస్తే పాలు తగ్గుతాయి. వాసన పోయే వరకు కడిగి, దాణాలో కలిపి కొంచెం కొంచెంగా అలవాటు చేయండి. తొట్టిలో పురుగు మందు ఎప్పుడూ చల్లవద్దు. పురుగు పడితే ఖాళీ చేసి కొత్తగా మొదలుపెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో నీడ లేకపోతే అజొల్లా బతకదు. ఆ రెండు నెలలు బతికించుకున్న తొట్టే యాసంగి మడికి మీ విత్తనపు నిధి.

పచ్చిరొట్ట, మేత రెండూ కావాలంటే పిల్లిపెసర వేయండి. ఎకరాకు 8–10 కిలోల విత్తనం పడుతుంది. ఒక కోత మేతకు వాడుకొని, మళ్లీ చిగురించాక కలియదున్నవచ్చు. జనుమును లేతగా కొద్దిగా మేపవచ్చు కానీ, కాయ పట్టిన జనుమును మేపవద్దు.

చివరగా

వానాకాలం ముందు నేల ఖాళీగా ఉంటే జీలుగ. యాసంగిలో నీరు నిలిచే మడి ఉంటే అజొల్లా. చెల్కకు జనుము, గట్టుకు గ్లైరిసీడియా. రెండు పంటల వరి వేసే కాలువ రైతు జీలుగను, అజొల్లాను ఒకే ఏడాదిలో ఒకదాని తర్వాత ఒకటి వాడుకోవచ్చు. బోరు రైతు మాత్రం ఉన్న నీటిని పంటకే ఉంచుకొని, వాన నీటితో పెరిగే జీలుగను నమ్ముకోవడం మేలు.

విత్తే ముందు ఒకసారి భూసార పరీక్ష చేయించుకోండి. పాలెం, కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రాల్లో, లేదా మీ రైతు వేదికలో ఏఈఓను కలిసి మీ నేల, మీ నీటి వివరాలు చెప్పి సలహా తీసుకోండి. వెళ్లేటప్పుడు పోయిన ఏడాది ఎకరాకు ఎన్ని బస్తాల యూరియా వేశారో కాగితం మీద రాసుకొని వెళ్లండి. ఆ అంకె మీ ముందుంటే, ఎంత తగ్గించవచ్చో అక్కడికక్కడే లెక్క తేలుతుంది.